పెనంలో నల్లపూసలు

పళ్ళు తోముకోవడానికి పెరట్లోకి వెళ్ళిన నానాజీ ఎంతసేపటికీ లోపలికి రాలేదు. టీ మరిగి గిన్నె అంచు దాకా వచ్చింది. బిందుమాధవి స్టవ్ కట్టేసి వెనక తలుపు దగ్గరికి వెళ్ళి చూసింది. జామచెట్టు కింద, నేలలో పాతిన ఇనప పెనం పక్కన అతను గొంతుక్కూర్చుని ఉన్నాడు. బ్రష్షు నోట్లోనే ఉంది. నురగ గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోవడం లేదు.

అది బెల్లం వండే పెనం. మునగపాకలో ఒక గానుగ మూతపడితే అక్కణ్ణుంచి ఆటోలో వేయించుకొచ్చాడు. ఎండాకాలంలో కడుపు పోయి బిందుమాధవి మంచం దిగని రోజుల్లో, ఆమె కళ్ళ ముందు ఏదో ఒకటి కదులుతూ ఉండాలని దాన్ని అంచుల దాకా నేలలో దించి, అడుగున మట్టీ ఇటుక ముక్కలూ వేసి, కలువ దుంపలు నాటాడు. తూనీగలు వచ్చాయి. మధ్యాహ్నం వేళ పిట్టలు దిగి నీళ్ళు తాగి వెళ్ళేవి. గుమ్మంలో కూర్చుని వాటిని చూస్తూనే ఆమె లేచి తిరగడం మొదలుపెట్టింది.

"దగ్గరికి రాకు," అన్నాడు నానాజీ, అడుగుల చప్పుడు విని.

ఆమె వచ్చింది. నిన్నటి వానకి పెనం నిండింది. తుప్పు కలిసిన నీళ్ళు డికాషన్ రంగులో కదలకుండా ఉన్నాయి. ఆ నీళ్ళలో, కలువ కాడలకి, నల్లపూసల దండ ఒకటి చుట్టుకుని ఉంది. ఒక చుట్టు కాదు. ఈ కాడ నుంచి ఆ కాడకి, అక్కణ్ణుంచి ఇటుక సందులోకి, మళ్ళీ పైకి. ఎవరో తీరిగ్గా కూర్చుని చుట్టినట్టు ఉంది. మొదలు ఎక్కడో, చివర ఎక్కడో తెలియడం లేదు. పూసలన్నీ ఒకే సైజు. దారం కనిపించడం లేదు. అయినా పూసలు వరస తప్పడం లేదు.

నానాజీ జామరెమ్మ విరిచి దండ కింద పెట్టి పైకెత్తాడు. అది రెమ్మ మీద ఒక్క క్షణం వేలాడి, మెల్లగా జారి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. తెగలేదు. జారినప్పుడు చప్పుడు కూడా కాలేదు.

"నిన్న సాయంత్రం బుల్లమ్మ వచ్చింది కదా పువ్వులకి," అన్నాడు.

బుల్లమ్మది పక్కిల్లు. మొగుడు పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటూ, విస్తరాకులు కుట్టి హోటళ్ళకి వేస్తుంది. రోజూ సాయంత్రం వీళ్ళ పెరట్లోకి వచ్చి, దేవుడికని నాలుగు మందారాలు కోసుకుని వెళ్తుంది. నిన్న వాన పడుతున్నా వచ్చింది. కానీ నిన్న ఆమె మామూలుగా లేదు. మధ్యాహ్నం ఆమె మరిది నూకరాజు వచ్చి, ఇల్లు ఖాళీ చెయ్యమని గొడవపడి, ఎండబెట్టిన ఆకుల కట్టలన్నీ వీధిలోకి విసిరేశాడు. అప్పుడే వాన అందుకుంది. ఆమె ఆ వానలోనే వంగి, కాలువలోకి కొట్టుకుపోతున్న ఆకుల్ని ఒక్కొక్కటీ ఏరుకుంది. తలెత్తి మరిదిని చూసింది గానీ, ఒక్క మాట అనలేదు. వీధంతా తలుపుల్లోంచి చూసింది. బిందుమాధవి కూడా చూసింది. గొడుగు తీసుకుని వెళ్దామనుకుంటూనే గుమ్మంలో నిలబడిపోయింది.

పొద్దుపోయాక వాన ఆగింది. అప్పుడు పెరట్లోంచి ఒక మూలుగు వినిపించింది. తెరిపి లేకుండా, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు, చాలాసేపు మూలిగి ఆగిపోయింది. కప్పలే అనుకున్నారిద్దరూ. ఇప్పుడు నానాజీ ఆ మాట ఒప్పుకోవడం లేదు. కప్పలైతే పది గొంతులు వినబడతాయనీ, నిన్న వినబడింది ఒక్కటే గొంతనీ అన్నాడు.

బెల్లం మార్కెట్లో పనికి వెళ్ళే ముందు అతను చెయ్యకూడని పని ఒకటి చేశాడు. వీధి చివర ఆటో తుడుచుకుంటున్న నూకరాజుని పిలుచుకొచ్చి పెనం చూపించాడు. నూకరాజు నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చాడు. నీళ్ళలోకి ఒంగాడు. చేతులు కిందికి జారాయి.

"ఇయి మా వదిన నల్లపూసలే బావా," అన్నాడు. "అన్నయ్య పోయినప్పుడు తీయించేసినవి. సేతబడి బావా ఇది, చిల్లంగి పెట్టేసింది."

గేటు దాకా వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళాడు. నీళ్ళకి వీపు తిప్పలేదు.

* * *

బిందుమాధవి డ్యూటీకి బయలుదేరేటప్పుడు, యూరిన్ శాంపిల్‌కి ఇచ్చే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని పెనం దగ్గరికి వెళ్ళింది. దండని వేళ్ళతో పట్టుకుంది. జిగురుగా, చల్లగా, గట్టిగా ఉంది. ముట్టుకున్న చోట పూసలు ఒకదాని మీదికి ఒకటి నెట్టుకుని, వదలగానే మళ్ళీ దూరం జరిగాయి. గోటితో కత్తిరించి, కొంచెం ముక్క నీళ్ళతో సహా డబ్బాలో వేసి మూత బిగించింది.

ఆమె మెయిన్ రోడ్డులో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. వానలు మొదలయ్యాయి కాబట్టి ఆ రోజు జ్వరాల రద్దీ. వేలి చివర దూదితో తుడవడం, సూది గుచ్చడం, రక్తం బొట్టు గాజు పలక మీద పెట్టి ఇంకో పలక అంచుతో ఒక్క లాగు లాగి పల్చగా పరచడం, ఆరబెట్టడం, రంగు వెయ్యడం. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. భోజనాల వేళ జనం తగ్గాక, బ్యాగులోంచి డబ్బా తీసింది.

మైక్రోస్కోపు కింద మొదట ఏమీ తెలియలేదు. కింది నుంచి వచ్చే వెలుతురుకి పూస ఉత్త నల్లటి చుక్కలా కనిపించింది. పక్క కుర్చీలో రిపోర్టులు టైపు చేస్తున్న రెహానా ఏమిటది అని లేచి వచ్చింది. డిగ్రీలో జువాలజీ చదివిన మనిషి. అద్దం కింది లైటు ఆపేసి, తన ఫోను టార్చి పక్క నుంచి పట్టుకుంది.

అప్పుడు కనిపించింది. అది పూస కాదు. గుండ్రంగా కూడా లేదు. కొంచెం సాగి ఉంది. ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా. వీపు పొడుగునా ఒక గాడి, ఎవరో కుట్టు వేసి ఇంకా దారం బిగించనట్టు, రెండు అంచులూ దగ్గరికి వస్తున్నాయి. చుట్టూ అద్దం లాంటి జిగురు గొట్టం. పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. అన్నిటికీ అదే గాడి, అన్నీ ఒకే చోట ఆగి చూస్తున్నట్టు.

రెహానా ప్రశ్నలు వేసింది. ముద్దలా ఉన్నాయా, దండలా ఉన్నాయా? నీటి మీద తేలుతున్నాయా, కాడలకి చుట్టుకున్నాయా? నురగ గూడు ఏమైనా ఉందా? జవాబులూ, రాత్రి మూలుగు సంగతీ విని, ఫోనులో కొన్ని ఫోటోలు వెతికి డబ్బా పక్కన పెట్టి పోల్చి చూసింది.

"నత్తవి కాదు, చేపవీ కాదు. ముద్దగా ఉంటే మామూలు కప్ప అనేదాన్ని. ఇలా దండలాగ పెట్టేది గోదురుకప్ప ఒక్కటే బిందూ. ఒంటి నిండా పొక్కులుంటాయి చూడు, అది. నిన్న మూలిగింది మగది. రేపో ఎల్లుండో పిల్లలు బయటికొస్తాయి."

బిందుమాధవి మళ్ళీ కంటిని అద్దానికి ఆనించింది. సంతోషించాల్సింది. కానీ ఆ గాడి వైపు చూస్తూ ఉండిపోయింది. ఎండాకాలంలో స్కానింగు గదిలో, తెర మీద కూడా ఇలాగే ఒక నల్లటి చుక్క. దానికి ఏ వంక పెట్టి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపిందో ఈ రోజుకీ ఆమెకి తెలియదు. ఒక్కోసారి ఎందుకో నిలవవమ్మా అని మాత్రం అన్నది. నానాజీకి ఆ జవాబు సరిపోలేదు. రెండు నెలలుగా సరిపోలేదు. పొద్దున్న నూకరాజు మాట విన్నాక అతని ముఖంలో కనిపించింది భయం ఒక్కటే కాదని ఇప్పుడు అర్థమైంది. అతనికి ఒక జవాబు దొరికింది.

* * *

సాయంత్రం ఆమె వీధిలోకి వచ్చేసరికి బుల్లమ్మ ఇంటి ముందు ఎవరూ లేరు. రోజూ ఆ అరుగు మీద కూర్చుని ఎదురింటివాళ్ళు బియ్యం ఏరుకునేవారు. ఇవాళ వాళ్ళు తమ గుమ్మంలోనే, వీపు ఇటు పెట్టి కూర్చున్నారు. ఆ ఇంటి ముందుకి రాగానే సైకిలు మీద వెళ్తున్నవాడు రోడ్డు అవతలి అంచుకి జరిగాడు. పొద్దుటి పాల ప్యాకెట్టు గుమ్మానికి దూరంగా, మట్టిలో పడి ఉంది.

బుల్లమ్మ లోపల, వెలుతురు పడే చోట కూర్చుని ఆకులు కుడుతోంది. నిన్న తడిసినవే. ఒక్కొక్క ఆకునీ పంచెతో అద్ది, మోకాలి మీద పరిచి, దాని అంచు మీద ఇంకో ఆకు అంచు వేసి, ఈనెపుల్ల గుచ్చి తుంచుతోంది. ఈనె తుంచినప్పుడల్లా చిన్న చప్పుడు.

బిందుమాధవి గడప లోపల కూర్చుంది. చూసినదంతా చెప్పింది. గోదురుకప్ప గుడ్లు అని చెప్పినప్పుడు బుల్లమ్మ చెయ్యి ఆగింది.

"నిజమేనా అమ్మా?"

"నా కళ్ళతో చూసేను పిన్నీ. తల, తోక ఏర్పడుతున్నాయి."

"అయితే నాను సేసింది కాదన్నమాట," అంది బుల్లమ్మ. ఆ మాటలో తేలికపడ్డం లేదు. ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది. "నిన్న వానలో ఆకులేరుకుంతా ఆడి నాశనం కోరుకున్నానమ్మా. నోటితో అన్లేదు. కడుపులో అనుకున్నాను. పొద్దున్న ఈ మాట సెవిన పడేసరికి, నాకే నమ్మకం కుదిరిపోయింది. నాలోంచే ఎల్లి ఉంటదనుకున్నాను."

మళ్ళీ ఈనె తీసింది. తల ఎత్తకుండానే, ఆ సంగతి ఇంకెవరికీ చెప్పొద్దంది. పొద్దుటి నుంచి నూకరాజు తన గడప తొక్కలేదనీ, ఆటో హారను కూడా ఈ ఇంటి ముందు కొట్టలేదనీ, మొగుడు పోయిన తర్వాత తను మధ్యాహ్నం కునుకు తీసింది ఇవాళేననీ చెప్పింది.

బిందుమాధవికి ల్యాబులో ఏజెన్సీ ఊళ్ళ నుంచి వచ్చే రోగుల నోట విన్న కథలు గుర్తుకొచ్చాయి. చిల్లంగి అన్న అనుమానంతో మనుషుల్ని చెట్టుకి కట్టడం, కొట్టడం. ఇవాళ దూరం జరిగినవాళ్ళు రేపు ఎవరింట్లోనైనా జ్వరం వస్తే దగ్గరికొస్తారని చెప్పింది. వాళ్ళు మంత్రం పోవాలని పళ్ళు ఊడగొడతారని కూడా చెప్పింది.

"ఉన్నయ్యేటమ్మా నాకు పళ్ళు," అంది బుల్లమ్మ. నవ్వింది. ముందు పళ్ళు రెండే ఉన్నాయి. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. చివరికి కళ్ళు ఒత్తుకుని, గొంతు తగ్గించి అంది: "నీ కడుపు సంగతి కూడా నా నెత్తినే ఏసేడంట నీ మొగుడు. ఊరంతా నమ్మినా నాకేటీ లేదు. అదొక్కటి నువ్వు నమ్మకు."

"నమ్మను పిన్నీ."

"అదే సాలు."

బిందుమాధవి బయటికి వచ్చి మట్టిలో పడ్డ పాల ప్యాకెట్టు తీసి, కడిగి, గుమ్మంలో పెట్టింది. ఎదురింటి గుమ్మంలో మాటలు ఆగిపోయాయి.

* * *

నానాజీ ఆ మర్నాడు పనికి వెళ్ళలేదు. మాడుగుల వైపు మంత్రగాడొకడు ఉన్నాడనీ, వచ్చి నీళ్ళు చూసి విరుగుడు చెప్తాడనీ, నూకరాజే ఆటో వేసుకుని తీసుకొస్తానన్నాడనీ చెప్పాడు. బిందుమాధవి టీ గ్లాసు అతని చేతికిచ్చి, ఆ మనిషిని తర్వాత పిలుద్దురుగాని, ముందు పెరట్లోకి రమ్మంది.

అతను రాననలేదు గానీ పెనానికి దూరంగా నిలబడ్డాడు. దండ రంగు మారింది. జిగురు పొంగి మసకబారి, అక్కడక్కడా విచ్చుకుపోయింది. పూసలు ఇప్పుడు పూసల్లా లేవు. కామాల్లా వంకర తిరిగి ఉన్నాయి. ఆమె తెల్లటి స్టీలు గిన్నెలోకి కొన్ని నీళ్ళు ముంచి, ఎండలో, పెరటి అరుగు మీద పెట్టింది. కూర్చోమంది. కూర్చున్నాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. జామాకు ఒకటి రాలి గిన్నె పక్కన పడింది. తర్వాత నల్లటి కామా ఒకటి ఉలిక్కిపడ్డట్టు కొట్టుకుని ఆగింది. నానాజీ కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ కొట్టుకుంది. జిగురు పొర చీలి, అది బయటికి వచ్చి, గిన్నె గోడకి అతుక్కుని వేలాడింది. చిన్న తోక అటూ ఇటూ ఆడింది. ఇంకొకటి వచ్చింది. తర్వాత ఒకదాని వెనక ఒకటి.

రెహానా చెప్పినదంతా ఆమె అతనికి చెప్పింది. మూలిగింది మగ గోదురుకప్ప అనీ, వాన పడగానే నిలవ నీరు వెతుక్కుని వస్తాయనీ, పెనం తవ్వి పెట్టింది మనమే కాబట్టి వచ్చాయనీ. అతను వింటున్నాడో లేదో తెలియలేదు. గిన్నెలోకే చూస్తున్నాడు.

"అన్నీ బతుకుతాయా?" అన్నాడు.

"అన్నీ బతకవు. కొన్ని జిగురులోనే ఉండిపోతాయి. తెల్లగా అయిపోయినవి చూడండి, అవి."

"ఎందుకని?"

"ఎందుకో తెలీదు."

నానాజీ వేలితో గిన్నె అంచు పట్టుకుని కొంచెం వంచాడు. తెల్లబడిన గుడ్లు ఓ పక్కకి చేరాయి.

"అయితే బిందూ, మనకి ఎవరూ ఏటీ సెయ్యలేదు," అన్నాడు. ప్రశ్నలా లేదు. "ఎవరూ సెయ్యలేదు."

ఆమె తల ఊపింది. అతను మోకాళ్ళ మీద మొహం పెట్టుకున్నాడు. బెల్లం దిమ్మలు ఎత్తి కాటా మీద పెట్టే భుజాలు, చప్పుడు లేకుండా కదిలాయి. కడుపు పోయిన రోజున కూడా అతను ఏడవలేదు. ఆమె పక్కన కూర్చుని, గిన్నె మీద ఎండ పడకుండా చీర కొంగు అడ్డం పెట్టింది.

బుల్లమ్మ తనని అడిగినదంతా బిందుమాధవి అతనికి చెప్పేసింది. ఆమె మాట నిలబెట్టడమా, ఆమె ప్రాణం కాపాడడమా అన్నది తను ఒక్కతీ తేల్చుకోలేకపోయింది. నానాజీ ముఖం కడుక్కుని వచ్చి, ఆ మాట వీధిలోకి తీసుకెళ్ళింది తనే కాబట్టి తనే వెనక్కి తెచ్చుకోవాలన్నాడు. గిన్నె రెండు చేతులా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ కిందికి వంచి చూపించాడు. వాళ్ళు మొదట దూరంగా నిలబడి, తర్వాత దగ్గరికి వచ్చి, కప్పపిల్లలేనా అని తేలిగ్గా నవ్వారు. పిల్లలు వేళ్ళు ముంచారు. నూకరాజు దగ్గర మాత్రం నానాజీ ఎక్కువసేపు నిలబడాల్సి వచ్చింది. నూకరాజు గిన్నెలోకి చూసి, నానాజీ మొహంలోకి చూసి, మాడుగుల ప్రయాణం మానుకుంటున్నానని మాత్రం అన్నాడు. సాయంత్రానికల్లా ఎదురింటివాళ్ళు బియ్యం చాటలు పట్టుకుని బుల్లమ్మ అరుగు మీదికి తిరిగి వచ్చారు.

వాళ్ళ వెనకే, ఆ మర్నాడు పొద్దున్నే, నూకరాజూ వచ్చాడు.

* * *

బిందుమాధవి డ్యూటీకి బయలుదేరి గేటు వేస్తోంది. నూకరాజు ఆటో బుల్లమ్మ ఇంటికి అడ్డంగా ఆపి ఉంది. అతను అరుగు మీద కాళ్ళు చాపుకుని, ఆకుల కట్టకి వీపు ఆనించి కూర్చున్నాడు. కప్పగుడ్లకి ఊరంతా భయపడిందని గట్టిగా, అందరికీ వినబడేటట్టు చెబుతున్నాడు. వారంలోగా ఇల్లు ఖాళీ చెయ్యకపోతే ఈసారి ఆకులు కాదు, సామానే వీధిలో ఉంటుందన్నాడు. ఎదురింటివాళ్ళు చాటలోంచి తల ఎత్తలేదు. బిందుమాధవి ఈసారి గుమ్మంలో నిలబడిపోకూడదనుకుని అటు నడిచింది.

ఆమె చేరేలోగానే బుల్లమ్మ బయటికి వచ్చింది. తలంటుకున్నట్టుంది. ముడి వెయ్యని తెల్లటి జుట్టు నడుం దాకా, తడిగా, వీపుకి అతుక్కుని ఉంది. చేతిలో సగం కుట్టిన విస్తరి. ఆమె మరిది ఎదురుగా, అరుగు అంచున కూర్చుంది. అతను ఇంకా మాట్లాడుతున్నాడు. ఆమె అడ్డు చెప్పలేదు. అతని ముఖంలోకే, రెప్ప వెయ్యకుండా, ఎంతో శ్రద్ధగా వింటున్నట్టు చూస్తూ కూర్చుంది. అతని మాట మెల్లగా నెమ్మదించింది. తర్వాత ఆగింది.

"పిల్లలు బాగున్నారేటి నూకరాజూ?" అంది.

గొంతులో కోపం లేదు. ఏ పెద్దమ్మయినా అడిగే మాటే అది.

"బాగానే ఉన్నారు," అన్నాడు నూకరాజు.

"పెద్దోడు బాగున్నాడా? సిన్నదో? రాత్రులు నిద్దరోతందా?"

నూకరాజు చాపిన కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. ఆకుల కట్ట మీంచి వీపు తీశాడు. ఎదురింటివాళ్ళ చాటల్లో బియ్యం చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆగిపోయింది. ఆ వీధిలో అందరూ గిన్నెలోని కప్పపిల్లల్ని చూసినవాళ్ళే. నూకరాజు కూడా చూశాడు. అయినా అతను చెప్పులు వేసుకోవడానికి వంగినప్పుడు, కాలు రెండుసార్లు చెప్పులోకి దూరలేదు.

"అడిగేనని సెప్పు," అంది బుల్లమ్మ.

ఆటో వీధి మలుపు తిరిగేదాకా ఆమె అటే చూసింది. తర్వాత తల తిప్పి, అరుగు ముందు నిలబడి ఉన్న బిందుమాధవిని చూసింది. ఆ చూపు ఇంకా మారలేదు. అదే నిదానం, అదే శ్రద్ధ.

"నువ్వెలాగున్నావమ్మా? ఒంట్లో బాగుంటందా?"

"బాగున్నాను పిన్నీ," అంది బిందుమాధవి.

అంటూనే తన చెయ్యి ఎక్కడుందో తెలిసింది. బ్యాగు భుజానికి ఉంది. కుడిచెయ్యి పొత్తికడుపు మీద ఉంది. వేళ్ళు చాచి, ఏదో కప్పుతున్నట్టు. అది అక్కడికి ఎప్పుడు వెళ్ళిందో ఆమెకి తెలియదు. వెంటనే తీసేసింది.

బుల్లమ్మ అప్పటికే చూసింది. ఆమె కళ్ళు ఆ చేతి మీద ఒక్క క్షణం ఆగి, కిందికి దిగిపోయాయి. జుట్టు ముందుకి లాక్కుని, గబగబా ముడి వేసుకుంది. ఈనెపుల్ల కోసం పక్కన తడుముకుంది.

"బస్సు ఎలిపోద్ది," అంది, తల ఎత్తకుండా. "ఎల్లమ్మా."